పాండురంగ ఫోనుకు బంగారు రేకు

చిలకలపూడిలో ఏ సందులో నిలబడి "పాండురంగా" అని కేకేసినా నలుగురు తల తిప్పుతారు. పాండురంగడి గుడి ఉన్న ఊరు, ఇంటికొకడికి ఆ పేరు తప్పదు. నేను చెప్పేది రక్తం గ్రూపు పేరుతో పిలిచే ఓ నెగటివ్ పాండురంగ గురించి. అలా అడిగితే మాత్రం ఒక్కడే. సన్నగా, పొడుగ్గా, ముందు వీడికే ఎవరైనా రక్తం ఎక్కించాలేమో అనిపించేలా ఉండేవాడు. ఆ మాట వాడి ముఖం మీదే అనేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు.

వాడిది రోల్డ్‌గోల్డ్ పని. రాగి మీద పల్చటి బంగారు రేకు పరిచి, కాల్చి, సాగదీసి గాజులూ గొలుసులూ చేస్తారు. బందరు గిల్టు నగలంటే తెలియనివాళ్ళు ఉండరు కానీ, ఆ పనివాళ్ళకున్న ఒక పిచ్చి బయటివాళ్ళకు తెలియదు. ఇష్టమైన వస్తువు ఏదైనా చేతికొస్తే దాన్ని ఉన్నదున్నట్టు ఉంచలేరు. కళ్ళజోడుకు రేకు, పెన్ను మూతకు రేకు, గడియారం పట్టీకి రేకు. వాళ్ళ నాన్న పొడుం డబ్బీకి వేయించుకున్నాడు. పెళ్ళైన కొత్తలో పాండురంగ తన భార్య శేషారత్నం కుట్టుమిషను చక్రానికి వేసిచ్చాడు. ఆ ఇళ్ళలో మురిపెం చూపించడమంటే అదే.

నా పేరు సాంబశివరావు. బందరు కోనేరు సెంటర్లో మొదట ఎస్టీడీ బూతు నడిపాను. సెల్‌ఫోన్లు వచ్చి బూతును మింగేశాక వాటినే బాగుచేయడం నేర్చుకుని, అదే కొట్లో అదే కుర్చీలో కూర్చున్నాను. పాత లాండ్‌లైను మాత్రం తీయించలేదు.

తొంభైలో తుఫాను వచ్చి వెళ్ళాక ఊళ్ళో రక్తదాన శిబిరం పెట్టారు. అక్కడ తేలింది పాండురంగది ఓ నెగటివ్ అని. ఆ రక్తం ఎవరికైనా పనికొస్తుందట, ఆ గ్రూపు వాళ్ళకు మాత్రం అదొక్కటే ఎక్కుతుందట. డాక్టరు అలా చెప్పిన రోజు నుంచి వీడు ఎవరు పిలిచినా వెళ్ళేవాడు. బందరు, గుడివాడ, అవనిగడ్డ ఎక్కడికైనా సరే. ఇంట్లో ఫోను లేదు కాబట్టి దాతల జాబితాల్లో వాడి పేరు పక్కన నా బూతు నంబరు ఉండేది, వేరేవాళ్ళ ఫోను అని తెలిసేలా పి.పి. అని రాసి. ఫోను మోగగానే నేను బూతుకు తలుపేసి చిలకలపూడి దాకా సైకిలు తొక్కాలి. వాడు కొలిమి ఆర్పి, చొక్కా మార్చుకుని బస్సెక్కేవాడు. పదహారేళ్ళలో ముప్పై ఒక్కసారి రక్తం ఇచ్చాడు. ఒక కొబ్బరిబొండాం తప్ప ఏమీ తీసుకునేవాడు కాదు. నేను మాత్రం ప్రతిసారీ విసుక్కునేవాణ్ణి. ఎండలో తొక్కేది నేను, దండాలు పెట్టించుకునేది నువ్వూ అనేవాణ్ణి.

రెండువేల ఆరు జనవరిలో తోట్లవల్లూరు నుంచి శోభనాద్రి అనే పెద్దరైతు వచ్చాడు. ఆయన కోడలికి కాన్పులో పాండురంగ రక్తమే ఎక్కించారు. ఒక కొత్త ఫోను తెచ్చి వీడి చేతిలో పెట్టాడు. వద్దంటే వద్దన్నాడు పాండురంగ. ఆయన వినిపించుకోకుండా చొక్కా జేబులో పడేసి కారెక్కాడు. ఆ సాయంత్రమే పాండురంగ దాన్ని నా కొట్టుకు తీసుకొచ్చాడు.

అంత అందమైన ఫోను నేను అప్పటిదాకా పట్టుకోలేదు. మడత ఫోను. మూస్తే అగ్గిపెట్టంత మందం కూడా లేదు, పలక లాగా చదునుగా ఉంది. పైన కింద లోహపు తొడుగు. తెరిస్తే టక్‌మని శబ్దం, లోపల నీలం వెలుగు. నాకు ఉపన్యాసం పూనింది.

"ఒరే, విను. దీని మంచీ చెడ్డా రెండూ చెప్తా. తెరిస్తే చాలు ఫోను ఎత్తినట్టే, మూస్తే చాలు పెట్టేసినట్టే. బొత్తాలు లోపలుంటాయి కాబట్టి జేబులో నొక్కుకుపోయి ఎవరెవరికో ఫోన్లు వెళ్ళవు. బరువుండదు. పైన బుల్లి అద్దంలో ఎవరు చేస్తున్నారో కనిపిస్తుంది."

"మరి చెడ్డ ఏంటండీ?"

"బ్యాటరీ పల్చన, సాయంత్రానికి డీలా పడిపోద్ది. మడత దగ్గర ఒక సన్నటి రిబ్బను ఉంటది, ఊరికే టకటకా తెరుస్తూ మూస్తూ కూర్చున్నావంటే తెగుద్ది, బొమ్మ పోద్ది. ఇదిగో ఈ కింద ప్లాస్టిక్ పెదవి ఉందే, యాంటెనా అందులో పెట్టాడు. మిగతాదంతా లోహం కదా, సిగ్నలు పట్టేది ఆ ఒక్క చోటే. కిందపడేసి దాన్ని పగలగొట్టావంటే ఇక అంతే."

ఈ నోటితోనే చెప్పాను. యాంటెనా ఎక్కడుందో వేలు పెట్టి మరీ చూపించాను. ఆ వేలును తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు.

అక్కడితో ఆగినా బాగుండేది. గుడివాడ బ్లడ్ బ్యాంకులో సోమేశ్వరరావు గారని జాబితాలు చూసే ఆయన ఉండేవాడు. మర్నాడే ఆయనకు ఫోన్ చేసి పాండురంగకు సెల్ వచ్చిందనీ, నా నంబరు కొట్టేసి అది రాసుకోమనీ చెప్పాను. "రెండూ ఉంచుదామా అండీ, ఎందుకైనా మంచిది" అన్నాడాయన. అక్కర్లేదన్నాను. నా సైకిలుకు విశ్రాంతి దొరికిందని ఆ రోజు కొట్లో అందరికీ చెప్పుకున్నాను.

మూడు నెలలు ఫోను బాగానే మోగింది. ఫిబ్రవరిలో ఒకసారి అవనిగడ్డ నుంచి పిలిస్తే తానే ఎత్తి, తానే వెళ్ళొచ్చాడు. ఏప్రిల్లో ఒకరోజు కొట్టుకొచ్చి, జేబు రుమాల్లో చుట్టినదేదో తీసి బల్ల మీద పెట్టి, పెళ్ళికూతురి ముసుగు తీసినట్టు మెల్లగా విప్పాడు. నేను కుర్చీలోంచి లేచాను. ఫోను నిలువెల్లా బంగారం. అంచుల చుట్టూ మల్లెతీగ, మూత మీద రెండు నెమళ్ళు, బుల్లి అద్దం చుట్టూ ముత్యాల వరసలా చుక్కలు. కింద ప్లాస్టిక్ పెదవి మొత్తానికి గుండ్రంగా రేకు తొడిగి, పువ్వు చెక్కాడు. ఎక్కడా అతుకు కనిపించదు.

"పదిరోజులు పట్టిందండీ" అన్నాడు. "ఆయన అంత ప్రేమగా ఇచ్చాడు. బోసిగా ఎట్టా ఉంచను?"

మోగుతుందో లేదో చూద్దామని నా ఫోన్లోంచి కలిపాను. మోగింది. మోగకేం, మా కొట్టుకు ఎదుటి మేడ మీదే టవరు ఉంది. సూదంత సందున్నా అక్కడ సిగ్నలు దూరుతుంది. నేను ఆ సంగతి ఆలోచించలేదు. ఆలోచించకపోగా, రెండు రోజులు ఇక్కడుంచరా అని అడిగి నా గాజు బీరువాలో పెట్టుకున్నాను. దాన్ని చూసి తొమ్మిదిమంది తమ ఫోన్లకు అలాంటి రేకులు వేయించుకున్నారు. బేరాలన్నీ కుదిర్చింది నేనే.

ఆ తొమ్మిదిమందిలో ముగ్గురో నలుగురో తర్వాత వచ్చి సిగ్నలు సరిగ్గా ఉండట్లేదని సణిగారు. టవరు వాడిని తిట్టి పంపించాను. పాండురంగ కూడా ఒకసారి అన్నాడు, ఈమధ్య ఎక్కణ్ణించీ ఫోన్లే రావట్లేదండీ అని. "సంతోషించరా, ఎవరికీ రక్తం అవసరం పడలేదన్నమాట" అన్నాను. వాడు నిజంగానే సంతోషించాడు. ఫోనును కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. మోగిన ఫోను గురించి మనకు తెలుస్తుంది కానీ, మోగకుండా పోయినవాటిని లెక్కపెట్టేదెవరు?

మే నెలలో ఒక బుధవారం పదకొండింటికి నా లాండ్‌లైను మోగింది. అది మోగి చాలా రోజులైంది. అవతల సోమేశ్వరరావు గారు.

"సాంబశివరావు గారూ, పాండురంగ ఊళ్ళో లేడా అండీ?"

"ఎందుకు లేడు? పెళ్ళిళ్ళ పని ఉంది, రెండు రోజులుగా గడప దాటట్లేదు."

తర్వాత ఆయన చెప్పింది విని నా చేతిలోని స్క్రూడ్రైవరు ఎప్పుడు కిందపడిందో నాకు తెలియదు.

ముందురోజు మంగళవారం గుడివాడలో హిమబిందు అనే అమ్మాయికి కాన్పైంది. ఇరవై మూడేళ్ళు. బిడ్డ పుట్టాక రక్తం ఆగలేదు. ఆమెది ఓ నెగటివ్. బ్యాంకులో ఉన్న ఒక్క సీసా ఎక్కించేశారు. సోమేశ్వరరావు గారు ఆ రోజు సెలవులో ఉన్నాడు. జాబితా తీసి చూస్తే ముగ్గురున్నారు. ఒకాయన పక్షవాతంతో మంచంలో ఉన్నాడు, ఇంకొకాయన పదిహేను రోజుల కిందటే ఇచ్చాడు. మిగిలింది పాండురంగ. మధ్యాహ్నం పన్నెండింటి నుంచి నాలుగింటి దాకా ఆ అమ్మాయి భర్త వీడి సెల్‌కు ఫోను చేస్తూనే ఉన్నాడట. కారు కూడా సిద్ధంగా పెట్టుకున్నాడట. బందరు నుంచి గుడివాడకు కారులో గంట చాలు. చివరికి విజయవాడ నుంచి రక్తం తెప్పించారు. అది వచ్చేసరికి నలభై నిమిషాలు ఆలస్యమైంది.

"పోయిందండీ" అన్నాడు సోమేశ్వరరావు గారు. "మీ పాత నంబరు కొట్టేసి ఉంది జాబితాలో. నేనుంటే గుర్తుండేది. ఇవాళ డ్యూటీకి వచ్చి విని అదిరిపోయాను. ఫోను ఎందుకు ఎత్తలేదో కనుక్కోండి ఒకసారి."

వాడి నంబరుకు కలిపాను. ప్రస్తుతం అందుబాటులో లేదని ఒక ఆడగొంతు తీరిగ్గా చెప్పింది. స్కూటరు తీశాను. చిలకలపూడి ఎలా చేరానో గుర్తులేదు.

పాండురంగ రేకుల షెడ్డు కింద కొలిమి ముందు కూర్చుని వడ్డాణం అతుకుతున్నాడు. చొక్కా మేకుకు వేలాడుతోంది, జేబులో బంగారు ఫోను. నన్ను చూసి, "ఈ ఎండలో వచ్చారేంటండీ, మజ్జిగ తాగుతారా?" అని శేషారత్నాన్ని కేకేశాడు. నేను ఆ చొక్కా జేబులోంచి ఫోను తీసి తెరిచాను. సిగ్నలు గీత ఒక్కటీ లేదు. టవరు లేదేమో అనుకుంటూ నా జేబులోని పాత డొక్కు ఫోను తీసి పక్కన పెట్టాను. దానికి మూడు గీతలున్నాయి. రెండు ఫోన్లూ ఒకే అరచేతిలో ఉన్నాయి.

అప్పుడు నా చూపు ఆ పెదవి మీది పువ్వు మీద పడింది. నాలుగు నెలల కిందట నేను వేలు పెట్టి చూపించిన చోటు అది. వాడి పట్టకారు లాక్కుని రేకు అంచు కింద దూర్చి పెకలించాను.

"అయ్యో, అదేంటండీ! చెడిపోద్ది!" అని అరిచాడు వాడు.

రేకు ఊడి గచ్చు మీద పడింది. తెర మీద ఒక గీత లేచింది. రెండోది లేచింది. వెంటనే ఫోను టింగుమంది. మళ్ళీ టింగుమంది. ఆగకుండా నాలుగుసార్లు.

"ఏంటవి? మెసేజీలా? చదవండి" అన్నాడు పాండురంగ. వాడికి ఇంగ్లీషు అక్షరాలు రావు. మెసేజీలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలు. నేను చదవకుండా ఉండాల్సింది. ఏం చేయాలో తోచక, నోరు తనంతట తనే చదివేసింది.

"అర్జెంటుగా ఓ నెగటివ్ కావాలి సార్, గుడివాడ, నా భార్యకి."

వాడు అప్పటికే లేచాడు. మసి చేతులు లుంగీకి తుడుచుకుంటున్నాడు.

"సార్ ఎక్కడున్నారు, కారు పంపిస్తాను."

"కారు ఎందుకు, బస్సుకెళ్తా. రత్నం! చొక్కా ఇటివ్వు. ఎన్నింటికుంది గుడివాడ బస్సు?" ఒక చెయ్యి చొక్కాలోకి దూర్చేశాడు.

"సార్ ఒక్కసారి ఫోన్ ఎత్తండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"పదండి, మీ స్కూటరు మీద బస్టాండులో దింపండి. నించున్నారేం? పదండీ!"

నాలుగోది చదవలేకపోయాను. వాడు నా భుజం పట్టుకుని కుదిపాడు. అప్పుడు చదివాను.

"ఇంక అక్కర్లేదు సార్."

రెండో చెయ్యి చొక్కాలోకి వెళ్ళకుండానే ఉండిపోయింది. వాడు నా ముఖంలోకి చూశాడు. ఎవరో ఇచ్చారు కాబోలు అన్నట్టు ఒక్క క్షణం వాడి కళ్ళలో ఆశ కనిపించింది. నేను తల అడ్డంగా ఊపాను. మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో నిలబడిన శేషారత్నం "ఎప్పుడు?" అని అడిగింది. నిన్న అన్నాను. నిన్న ఆ వేళకు వాడు ఇక్కడే, ఈ చొక్కాకు మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు.

పాండురంగ వంగి, గచ్చు మీది రేకు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదా అండీ? ఇది అడ్డమా?" అని అడిగాడు. అవునన్నాను. "నా పనితనమా?" అన్నాడు. నీ ఒక్కడిదేనా అని అందామనుకున్నాను. యాంటెనా సంగతి తెలిసినవాణ్ణి నేను, పాత నంబరు కొట్టేయించినవాణ్ణి నేను. ఆ మాటలు నోటికి రావడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఆ మధ్యాహ్నమే తొమ్మిది ఇళ్ళకూ తిరిగి తొమ్మిది రేకులూ పెకలించేశాను. ఒకాయన, అందం చెడగొట్టావని పోట్లాడాడు. ఆయన చేతిలోంచి ఫోను గుంజుకుని మరీ ఊడదీశాను.

శనివారం పొద్దున పాండురంగ నా కొట్టు ముందు నిలబడ్డాడు. మూడు రోజుల్లో సగమైపోయాడు. "వాళ్ళింటికెళ్ళి చెప్పాలి" అన్నాడు. పిచ్చా అన్నాను. వాళ్ళకు తెలియదు, ఫోను కలవలేదనుకుంటున్నారు, తెలిసి ఏం ఒరుగుతుంది, కొడతారు కూడా అన్నాను. "కొట్టనివ్వండి" అన్నాడు. ఒక్కణ్ణి పంపడానికి మనసొప్పక నేనూ బస్సెక్కాను.

గుడివాడ దాటాక కాలవ గట్టు మీద ఒక పల్లె. పెంకుటిల్లు, ముందు చిన్న వసారా. హిమబిందు తల్లి వెంకటరత్నమ్మ గారు గోడకానుకుని కూర్చుని ఉంది. అల్లుడు జయకృష్ణ మంచం మీద ఉన్నాడు, పాతికేళ్ళకు మించని కుర్రాడు. బ్లడ్ బ్యాంకు జాబితాలోని పాండురంగను నేనేనని వీడు చెప్పగానే ఆవిడ లేచి నిలబడింది.

"వచ్చారా బాబూ? ముప్పైసార్లు ఇచ్చారంటగా మీరు. మా దురదృష్టం, ఆ రోజు మీ ఫోను కలవలేదు. కూర్చోండి."

పాండురంగ కూర్చోలేదు. జేబులోంచి ఆ రేకు ముక్క తీసి వసారా గట్టు మీద పెట్టాడు.

"కలవకపోవడం కాదమ్మా. నేనే కలవకుండా చేసుకున్నాను. మురిపెంకొద్దీ ఫోనుకి ఇది తొడిగాను. దీనివల్ల సిగ్నలు ఆగిపోద్దని తెలీదు. మీరు చేసినంతసేపూ నేను ఇంట్లోనే ఉన్నాను. పిలుపు అందితే కొలిమి ఆర్పి వచ్చేవాణ్ణి."

"ఆ ఫోను సంగతి తెలిసినవాణ్ణి నేను" అన్నాను. "పాత నంబరు తీయించింది కూడా నేనేనమ్మా."

ఆవిడ మెల్లగా కూలబడింది. ఏడవలేదు. ఆ రేకు వంక చూస్తూ ఉండిపోయింది. జయకృష్ణ లేచి వచ్చి దాన్ని తీసుకున్నాడు. బొటనవేలితో ఆ పువ్వు చెక్కడం తడిమాడు. "దీనికా?" అన్నాడు. అంతే. గిరుక్కున తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

కర్ర కోసమే వెళ్ళాడనుకున్నాను. పాండురంగ చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. వాడు కదల్లేదు.

జయకృష్ణ బయటికొచ్చాడు. ఒక చేతిలో పాత చీర గుడ్డలో చుట్టిన పసిపిల్ల, ఇంకో చేతిలో ఆసుపత్రి వాళ్ళిచ్చిన కార్డు. పాండురంగకు జానెడు దూరంలోకి వచ్చి నిలబడ్డాడు. దవడలు బిగుసుకుని ఉన్నాయి.

"దీనిదీ ఓ నెగటివేనంట. ఇక్కడ రాశారు చూడండి. రేపు దీనికి ఏదైనా అయితే మళ్ళీ నేను మీకే చెయ్యాలి. ఇంకెవరూ లేరు. చెప్పండి, ఏ నంబరుకి చెయ్యమంటారు?"

పాండురంగ పసిదాని వైపు చూడలేక నేల చూశాడు, తర్వాత దాని ముఖం చూశాడు. అది నిద్రపోతోంది. నేను నా కొట్టు నంబరు చెప్పబోతే వాడు చెయ్యెత్తి ఆపాడు.

"నంబరు వద్దు బాబూ. ఇల్లు చెప్తాను, రాసుకో. మనిషిని పంపించు. చిలకలపూడి గుడి వెనక రెండో సందు, ఎడమ చేతి వైపు మూడో ఇల్లు. రేకుల షెడ్డు ఉంటది. నేను కనపడకపోతే మా ఆవిణ్ణి అడుగు, శేషారత్నం. నేను ఎక్కడికెళ్ళినా దానికి చెప్పే వెళ్తాను. ఎక్కడున్నా గంటలో వస్తాను."

జయకృష్ణ పిల్లను అత్తగారి ఒళ్ళో పడుకోబెట్టాడు. గూట్లోంచి పెన్ను తీసి, గోడకు ఆనించి కార్డు వెనక రాయడం మొదలుపెట్టాడు. సగంలో ఆగి, మా వైపు తిరగకుండానే అడిగాడు.

"గుడి వెనక ఎన్నో సందన్నారు?"

"రెండోది బాబూ" అన్నాడు పాండురంగ.